ఇంటి అమ్మకమునకు ఆన్‌లైను ప్రకటన: రుసుము చెల్లించుట లాభమా?

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పిరి. ఇల్లు అమ్మి చూడుమని వారు చెప్పలేదు. కాని నేడు అమ్ముటయు కట్టుటకు తీసిపోని ప్రయాస అయినది. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, విదేశములలోనో స్థిరపడగా అనేక గ్రామములలో ఇండ్లు తాళములు పడియున్నవి. అప్పు తీర్చుటకై కొందరు, వైద్యమునకై కొందరు, పిల్లల చదువులకై కొందరు ఉన్న ఇంటిని అమ్మజూపుచున్నారు. ఇట్టివారు సెల్‌ఫోనులో ఒక ప్రకటన పెట్టిన మరునాడే, “కొంత రుసుము చెల్లించినచో మీ ఇంటిని ముందువరుసలో చూపెదము, కొనువారిని మీ యొద్దకు పంపెదము” అని పిలుపు వచ్చుచున్నది.

ఈ రుసుము చెల్లింపవచ్చునా, కూడదా అని గ్రామస్థుడు మొదట అడుగునది తనకు తెలిసిన పంచాయతీ సభ్యునే. అతనికి తగిన సమాధానము చెప్పగలుగుటకు సభ్యులు తెలిసికొనవలసిన విషయములను ఈ పాఠమున వివరించుచున్నాము.

రుసుము దేనికి?

మన దేశమున ఇండ్ల క్రయవిక్రయ ప్రకటనలకై ఏర్పడిన వెబ్‌సైట్లలో 99 ఏకర్స్ 2005లోను, మ్యాజిక్‌బ్రిక్స్ 2006లోను, నోబ్రోకర్ 2014లోను ప్రారంభమైనవి. ఇట్టివి మరికొన్నియు కలవు. సాధారణముగా యజమాని తన ఇంటిని ఉచితముగా ప్రకటించుకొనుటకు కొంత అవకాశ ముండును. రుసుము చెల్లించినవారికి అదనపు సౌకర్యము లుండును. ప్రకటన జాబితాలో పైభాగమున కనబడును. ఎక్కువ దినములు నిలుచును. కొన్ని పథకములలో ఛాయాచిత్రములు తీయించుట, విచారించినవారితో మాటలాడుటకు ఒక ఉద్యోగిని నియమించుట కూడ చేరియుండును.

ఇందు గ్రహింపవలసిన ముఖ్యాంశ మొక్కటే. ఆ రుసుముతో మనము కొనునది ప్రచారమును మాత్రమే. కొనుగోలుదారుని కాదు, ధరను కాదు. గ్రామమున దండోరా వేయువాడు వార్తను నలుగురికి వినిపించును గాని సరుకు తాను కొనడు. పదిమంది చేరు సంతలో దండోరా వేసిన ఫలిత ముండును. జనము లేని బయలులో ఎంత గట్టిగా వేసినను వ్యర్థము. ఆన్‌లైను ప్రకటన విషయమును ఇట్టిదే.

కొనువా డెక్కడ నున్నాడు?

కావున రుసుము చెల్లించుటకు పూర్వము, “ఈ ఇంటిని కొనదగినవా డెక్కడ నున్నాడు?” అని ఆలోచింపవలెను.

గ్రామము నడుమ నున్న పాత పెంకుటింటిని కొనువాడు తరచుగా ప్రక్క ఇంటివాడో, ఆ వీధివాడో, అదే ఊరిలో వేరుకాపురము పెట్టదలచిన వాడో అయియుండును. అతడు ఇంటికై వెబ్‌సైటు వెదకడు. రచ్చబండ యొద్ద విని తెలిసికొనును. అట్టి ఇంటికి రుసుముతో కూడిన ప్రకటన అనవసరము. మండల కేంద్రమునందలి ఇల్లు, జాతీయ రహదారి చెంతనున్న ఇల్లు, పట్టణమునకు ఆనుకొనియున్న గ్రామమునందలి ఇల్లు, పట్టణమున కొనిపెట్టుకొన్న ఫ్లాటు సంగతి వేరు. ఉద్యోగరీత్యా బదిలీపై వచ్చినవారును, దూరదేశములలో నున్న మనవారును వానిని వెదకుదురు. వారికి వార్త చేరుటకు ఆన్‌లైను మార్గమే సులభము.

విదేశములలో నివసించు భారత పౌరులును, ఓ.సి.ఐ. కార్డు గలవారును మన దేశమున ఇండ్లు కొనవచ్చును గాని, వ్యవసాయ భూమిని, తోటలను, ఫామ్‌హౌస్‌ను కొనరాదు. ఇంటితోపాటు పొలమును కలిపి అమ్మదలచినవారు ఈ భేదమును ముందుగా గుర్తించవలెను.

కొనువారు వెదకుచున్నారో లేదో తెలిసికొనుటకు ఖర్చు లేని పరీక్ష యొకటి కలదు. ఇల్లు అమ్మువాడు తానే కొనువానివలె ఆ వెబ్‌సైటును తెరచి, తన ఊరి పేరుతో వెదకి చూడవలెను. ఊరి పేరే కనబడనిచో, లేక ఆ ప్రాంతపు ఇండ్లు ఒకటి రెండు మాత్రమే కనబడి, అవియు ఎంతో కాలము క్రిందట పెట్టినవైనచో, అచట సంత చేరలేదని గ్రహింపవలెను. చుట్టుప్రక్కల ఇండ్లు పెక్కు కనబడి, క్రొత్తవి వచ్చుచు, పాతవి తొలగుచు నున్నచో అచట బేరము నడచుచున్నదని తలంపవచ్చును.

లెక్క వేసి చూతము

ఒక గృహస్థు మండల కేంద్రమునందలి తన ఇంటికి 18 లక్షల రూపాయలు కోరుచున్నాడనుకొందము. అతనికి 3 లక్షల అప్పు కలదు. వడ్డీ నూటికి నెలకు 2 రూపాయలు. అనగా ఇల్లు అమ్ముడుపోక నిలిచిన ప్రతి నెలయు అతనికి 6,000 రూపాయలు నష్టము. రెండు నెలల ప్రకటనకు రుసుము 3,000 రూపాయలనుకొందము. ఇవి ఉదాహరణకై తీసికొన్న అంకెలు; వాస్తవపు రుసుము సంస్థను బట్టి, పథకమును బట్టి మారును.

ఈ లెక్కలో 3,000 రూపాయలనగా 15 దినముల వడ్డీ. ప్రకటన వలన ఇల్లు 15 దినములు ముందుగా అమ్ముడుపోయినచో రుసుము తిరిగి వచ్చినట్లే. నెల దినములు ముందుగా అమ్ముడుపోయినచో 3,000 రూపాయలు మిగులు. మధ్యవర్తి నూటికి ఒక రూపాయి చొప్పున తీసికొన్నను 18,000 రూపాయలగును. అట్లుగాక, అప్పులవాని ఒత్తిడికి లొంగి మొదట వచ్చిన బేరమునకే 50,000 రూపాయలు తగ్గించి అమ్మినచో, ఆ నష్టము 16 పర్యాయములు ప్రకటన వేయించిన ఖర్చుకన్న అధికము.

ఇక మరియొక గృహస్థు. అతని ఇల్లు మారుమూల గ్రామమున కలదు, అప్పులేదు, తొందర లేదు. ఆ ప్రాంతపు ఇండ్లను వెబ్‌సైటులో వెదకువారు లేరు. అతడు చెల్లించు 3,000 రూపాయలు ఏట గలిపినట్లే. రుసుము మొదటివానికి లాభకరము, రెండవవానికి వ్యర్థము. కనుక అందరికి ఒకే సమాధానము చెప్పుట తగదు.

ఒక నగరపు అనుభవము

ఈ ప్రశ్నకు సంబంధించి అమెరికాలోని మాడిసన్ నగరమున జరిగిన ఒక పరిశీలన తెలిసికొనదగినది. అచట ఇండ్ల యజమానులు మధ్యవర్తి లేకుండ తామే అమ్ముకొనుటకు ఒక వెబ్‌సైటు 150 డాలర్ల స్థిర రుసుము తీసికొనెడిది. ఏజెంట్ల ద్వారా అమ్మినచో కమిషను సాధారణముగా ధరలో నూటికి 6 వంతులు. ముగ్గురు అర్థశాస్త్రజ్ఞులు ఈ రెండు మార్గములను పోల్చి 2009లో తమ ఫలితములను ‘అమెరికన్ ఎకనామిక్ రివ్యూ’ పత్రికలో ప్రకటించిరి. వెబ్‌సైటు ద్వారా స్వయముగా అమ్ముకొన్నవారికి ఏజెంట్ల ద్వారా అమ్మినవారికన్న తక్కువ ధర రాలేదు. కాని ఏజెంట్ల ద్వారా పెట్టిన ఇండ్లు త్వరగా అమ్ముడుపోయినవి. స్వయముగా ప్రయత్నించి అమ్మలేక, పిమ్మట ఏజెంట్లను ఆశ్రయించినవారును కలరు.

దీనినుండి మనము గ్రహింపదగినవి రెండు. మధ్యవర్తి లేనంతమాత్రమున ధర తగ్గదు. అయినను కాలమునకు విలువ గలవాడు ఆ విలువను కూడ లెక్కలో చేర్చుకొనవలెను. ఆ వెబ్‌సైటు ఆ నగరమున అందరికి తెలిసినది. కొనువారు అచటనే వెదకుచుండిరి. అట్టి అలవాటు లేనిచోట అదే ఫలితమును ఆశించుట పొరపాటు.

ప్రకటనకన్న ముందు పత్రములు

ఎంత మంచి ప్రకటన అయినను పత్రములు సరిగా లేని ఇంటిని అమ్మిపెట్టజాలదు. దూరమునుండి వచ్చు కొనుగోలుదారుడు మొదట అడుగునది దస్తావేజులనే. రుసుము చెల్లించిన పిమ్మట పత్రములకై తిరుగుట మొదలుపెట్టినచో, ప్రకటన గడువు ఆ తిరుగుటలోనే తీరిపోవును.

కావున సొంత దస్తావేజును, వెనుకటి లింకు దస్తావేజులను, సబ్-రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఈ.సి.ని, ఇంటి పన్ను రశీదులను ముందుగా సిద్ధపరచుకొనవలెను. ఆస్తి వారసత్వముగా వచ్చినదైనచో వారసులందరి సమ్మతి యుండవలెను. పంచాయతీ ఇచ్చు పన్ను రశీదు పన్ను చెల్లించినట్లు తెలుపునే గాని, యాజమాన్య హక్కును స్థాపింపజాలదని సభ్యులు గ్రామస్థులకు విశదీకరింపవలెను. గ్రామకంఠమునందలి ఇండ్లకు పెక్కింటికి దస్తావేజులు లేవు. ఈ కొరత తీర్చుటకై కేంద్ర ప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించినది. ఆ పథకము అమలైన గ్రామములలో ఆస్తి కార్డు పొందిన పిమ్మటనే ఇంటిని ప్రకటించుట మేలు.

కొన్ని ఆస్తులను ఎల్లరకు ప్రకటించుటయే నిష్ప్రయోజనము. 1959లో వెలువడి 1970లో సవరింపబడిన భూ బదలాయింపు నిబంధనల ప్రకారము, ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు స్థిరాస్తి బదిలీ చెల్లదు. ప్రభుత్వము పేదలకిచ్చిన ఇండ్ల స్థలముల అమ్మకమునకును షరతులు కలవు. అట్టి ఆస్తి నిషేధిత జాబితాలో నున్నదేమో సబ్-రిజిస్ట్రారు కార్యాలయమునను, తహసీల్దారు కార్యాలయమునను విచారింపవలెను. 100 రూపాయలు, అంతకుపైబడిన విలువగల ఇల్లు రిజిస్టరు దస్తావేజు మూలముననే అమ్మకమగునని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము చెప్పుచున్నది. ప్రకటన చూచి జరిగిన బేరమునకును ఇదే నియమము.

వరుస క్రమము

పత్రములు సిద్ధమైన పిమ్మట చేయవలసిన పనులను ఈ వరుసలో చెప్పవచ్చును.

మొదట, సమీపమున ఇటీవల అమ్ముడుపోయిన ఇండ్ల ధరలను విచారించి, న్యాయమైన ధరను నిర్ణయించుకొనవలెను. అధిక ధర పెట్టిన ఇల్లు ముందువరుసలో నున్నను చూచువారు దాటిపోవుదురు.

రెండవది, పగటి వెలుతురులో తీసిన ఛాయాచిత్రములతో, స్థలము ఎన్ని గజములు, నీటి వసతి ఎట్టిది, దారి ఎన్ని అడుగులు అను వివరములతో ఉచిత ప్రకటన నిచ్చి నెల దినములు వేచియుండవలెను.

మూడవది, ఒక నోటుపుస్తకమున ఎవరు ఫోను చేసిరి, వారు కొనువారా మధ్యవర్తులా, ఎందరు వచ్చి ఇల్లు చూచిరి అని వ్రాసికొనవలెను. ఫోనులు పెక్కు వచ్చుట గొప్ప కాదు. ఇల్లు చూచినవారి సంఖ్యయే లెక్క.

నాలుగవది, కొందరు నిజముగా వచ్చి చూచినను బేరము కుదరనిచో, అప్పుడు తక్కువ గడువుగల పథకమునకు రుసుము చెల్లింపవచ్చును. ఎవరును రానిచో, రుసుము చెల్లించుటకు మారుగా ధరను, పత్రములను మరల పరిశీలించుట మంచిది.

చెల్లించుటకు ముందు గడువెంత, డబ్బు వాపసు ఇత్తురా, ఇల్లు అమ్ముడుపోయిన పిమ్మట మరల కమిషను అడుగుదురా అను మూడు ప్రశ్నలకు సమాధానమును వ్రాతమూలకముగా తీసికొనవలెను. చెప్పిన సేవ చేయనిచో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫిర్యాదు చేయవచ్చును.

మోసముల యెడ జాగరూకత

ప్రకటనలోని ఫోను నంబరు అందరికి కనబడును, మోసగాండ్రకును కనబడును. ఇల్లు చూడకయే బేరము కుదుర్చుకొని, బయానా పంపెదమని చెప్పి, క్యూ.ఆర్. కోడును స్కాను చేయుమని కోరువారు కలరు. యు.పి.ఐ. పిన్ అవసరమగునది మన డబ్బు పంపుటకే గాని డబ్బు పుచ్చుకొనుటకు కాదని ప్రతి కుటుంబమునకు తెలియజెప్పవలెను. దస్తావేజుల పూర్తి నకళ్ళను, ఆధారు కార్డును ప్రకటనలో పెట్టరాదు. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

పంచాయతీ చేయదగినది

పంచాయతీ ఇండ్ల బేరములలో దిగరాదు; ధరకు పూచీ పడరాదు. కాని అమ్ముకొనువానికి ఉపకరించు పనులు కొన్ని దాని చేతిలోనే కలవు. పన్ను రశీదులను జాప్యము లేక ఇప్పించుట, ఇంటి నంబరులో, పేరులో తప్పులున్నచో సవరింపజేయుట, పంచాయతీ కార్యాలయపు నోటీసు బోర్డుపై ఇండ్ల అమ్మకపు వివరములకు కొంత చోటిచ్చుట, చదువుకొన్న యువకులచే వృద్ధులకు ఉచిత ప్రకటన పెట్టించుట అట్టివి.

అప్పుల పాలైన గృహస్థునకు ఇల్లే కడపటి ఆస్తి. దానిని తొందరలో తక్కువకు తెగనమ్ముకొనకుండ, ఆశ చూపిన ప్రతివానికి రుసుము చెల్లించి నష్టపడకుండ కాపాడుట సభ్యుల కర్తవ్యము. తమను సలహా అడిగినవారికి “చెల్లింపుము” అనియో “చెల్లింపవలదు” అనియో వెంటనే చెప్పక, కొనువా డెక్కడ నున్నాడో, పత్రములు సిద్ధముగా నున్నవో లేవో, ఒక నెల ఆలస్యమైన ఎంత నష్టమో అతనితో కూర్చుండి లెక్క కట్టవలెను. ఆ లెక్కయే సమాధానము చెప్పును.

సభ్యులు చర్చింపవలసిన ప్రశ్నలు

1. మీ గ్రామమున గత సంవత్సరము అమ్ముడుపోయిన ఇండ్లను కొన్నవారు ఏ ఊరివారు? వారికి ఆ వార్త ఎట్లు తెలిసినది?

2. మీ గ్రామపు పేరుతో వెదకినచో వెబ్‌సైట్లలో ఎన్ని ఇండ్లు కనబడుచున్నవి?

3. మీ గ్రామకంఠమునందలి ఇండ్లలో ఎన్నింటికి దస్తావేజు గాని ఆస్తి కార్డు గాని కలదు? లేనివారికి పంచాయతీ ఏ విధముగా తోడ్పడగలదు?