కార్ల్ గోర్డెలర్: లైప్‌జిగ్ మేయర్

కార్ల్ ఫ్రెడరిక్ గోర్డెలర్ 1884 జులై 31న ప్రష్యాలోని ష్నైడెమ్యూల్‌లో (నేటి పోలండ్) జన్మించారు. న్యాయశాస్త్రం చదివి పురపాలనలోకి వచ్చారు. 1920లో కోనిగ్స్‌బర్గ్ డిప్యూటీ మేయర్. 1930-37లో లైప్‌జిగ్ మేయర్. 1931లో జర్మన్ ఛాన్సలర్ బ్రూనింగ్ హయాంలోనూ, 1934లో హిట్లర్ హయాంలోనూ ధరల నియంత్రణ కమిషనర్ కావడం గమనార్హం. నాజీ పార్టీలో మాత్రం చేరలేదు.

ముఖ్యాంశం: 1936 నవంబరులో ఆయన విదేశాల్లో ఉండగా, యూదు సంతతి సంగీతకర్త మెండెల్సన్ విగ్రహాన్ని లైప్‌జిగ్‌లోని గెవాండ్‌హౌస్ సంగీత మందిరం ముందు నుంచి నాజీలు తొలగించారు. తిరిగి నెలకొల్పాలన్న పట్టు నెగ్గక 1937లో పదవి వదులుకున్నారు.

ఆ తర్వాత ఆయన హిట్లర్ వ్యతిరేక కుట్రలో చేరారు. 1944 జులై 20 హిట్లర్‌పై హత్యాయత్నం: బాంబు పెట్టింది సైనికాధికారి స్టాఫెన్‌బర్గ్, కుట్ర ఫలిస్తే ఛాన్సలర్ కావాల్సింది గోర్డెలర్. 1944 సెప్టెంబరు 8న నాజీల 'ప్రజా న్యాయస్థానం' గోర్డెలర్‌కు మరణశిక్ష విధించింది. 1945 ఫిబ్రవరి 2న బెర్లిన్‌లోని ప్లోట్‌జెన్‌సే జైలులో అమలైంది.