పురపాలక సభ: పద్దులు, పనులు, పనివారు

శిశువు పుట్టిన వార్త మొదట ఇంటివారికి తెలుస్తుంది. ఆ వెంటనే దానిని పుస్తకంలోకి ఎక్కించేది పురపాలక సంఘం. మనిషి కడపటి ప్రయాణం ముగిసే ఖబరస్తాన్, శ్మశానవాటికల ఏర్పాటు కూడా మన రాజ్యాంగం పురపాలక సంఘాలకు ఉద్దేశించిన పనులలో ఒకటి. ఈ రెంటి నడుమ మనం నడిచే వీధి, ఆ వీధిలో వెలిగే దీపం, ఇంటి ముందు నుంచి పారే మురుగు, తెల్లవారకముందే చెత్తను ఎత్తుకొని పోయే బండి, ఇవన్నీ ఎక్కడో ఒక సభలో చర్చకు వచ్చి, ఒక పద్దులో చేరి, ఒక చేవ్రాలుతో మంజూరైనవే. అయినను ఢిల్లీలోని ప్రసంగాలను శ్రద్ధతో చదివే విద్యావంతులు తమ ఊరి పురపాలక సభ ఎజెండాను ఒక్కసారియైనా చూడరు. ఈ లోపాన్ని కొంతవరకు తీర్చే ఉద్దేశంతో ఆ సభ స్వరూపాన్ని, అది ధనాన్ని లెక్కించే తీరును, తన పనివారి యెడల దానికి గల బాధ్యతను విద్యార్థుల కొరకు ఇక్కడ వివరించడం జరుగుతున్నది.

చారిత్రక నేపథ్యం

హైదరాబాదు వాసులు నగరపాలక సంస్థను నేటికీ ‘బల్దియా’ అంటారు. నగరం అని అర్థమిచ్చే ‘బలద్’ అనే అరబ్బీ పదం నుంచి ఇది ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలంగాణ ప్రజల నిత్యవ్యవహారంలోకి వచ్చినది. మొదటి సాలార్ జంగ్ దివానుగా ఉన్న కాలంలో, 1869లో, నగరానికి పురపాలన వ్యవస్థ ఏర్పడినది. అప్పుడు నగరాన్ని నాలుగు విభాగాలుగా, శివార్లను ఐదు విభాగాలుగా చేశారు. 1886లో చాదర్‌ఘాట్ వేరు మునిసిపాలిటీ అయినది. 1933లో తిరిగి హైదరాబాదుతో కలిసినది. 1934లో మొదటిసారిగా ఎన్నికలు జరిగినవి. 1960లో సికిందరాబాదు కార్పొరేషన్ ఇందులో విలీనమైనది. 2007 ఏప్రిల్‌లో చుట్టుపక్కల 12 మునిసిపాలిటీలు, 8 గ్రామపంచాయతీలు చేరి మహానగర పాలక సంస్థగా విస్తరించినది.

కోస్తా ప్రాంతపు కథ వేరు. అక్కడి పట్టణాలు మదరాసు రాష్ట్రపు చట్టాల నీడలో పెరిగినవి. మదరాసు కార్పొరేషన్ 1688 నాటిది. భారతదేశంలో అంతకంటె ప్రాచీనమైన నగరపాలక సంస్థ లేదు. భీమునిపట్నం మునిసిపాలిటీ 1861లో ఏర్పడినది. 1882 మే 18న రిప్పన్ ప్రభువు ప్రకటించిన తీర్మానం స్థానిక స్వపరిపాలనను ప్రజలకు రాజకీయ శిక్షణనిచ్చే పాఠశాలగా భావించినది. ఆ భావన రాజ్యాంగబద్ధం కావడానికి నూటపదకొండేళ్లు పట్టినది. 1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలక సంఘాలకు ఐదేళ్ల కాలపరిమితిని, స్త్రీలకు మూడవ వంతుకు తగ్గని స్థానాలను, పన్నెండవ షెడ్యూలులో 18 అంశాలను కేటాయించినది.

గడువు తీరకముందే ఎన్నికలు జరుగవలెనని ఆ సవరణ ఆజ్ఞాపించినది. ఈ ఆజ్ఞ ఎందుకు అవసరమైనదో హైదరాబాదు చరిత్రయే చెప్పగలదు. 1986లో నగరపాలక సభకు ఎన్నికలు జరిగిన తరువాత మళ్లీ ఎన్నికలు జరిగినది 2002లో. సవరణ వచ్చిన తరువాత కూడా జాప్యం పూర్తిగా పోలేదు. 2014 డిసెంబరులో గడువు ముగిసిన సభ స్థానంలో కొత్త సభను ఎన్నుకొన్నది 2016 ఫిబ్రవరిలో. సభ లేనంత మాత్రాన వీధులు ఊడ్వడం ఆగదు, పన్నుల వసూలూ ఆగదు. ఆగేది ప్రశ్న ఒక్కటే. అధికారి లెక్క వ్రాస్తాడు. ఆ లెక్క ఎందుకిట్లున్నదని నిలబడి అడిగే ప్రతినిధి ఉండడు.

పద్దు తయారయ్యే తీరు

నగరపాలక సంస్థలో ఆదాయవ్యయాల అంచనాను కమిషనర్ తయారు చేస్తాడు. దానిని స్థాయీ సంఘం పరిశీలిస్తుంది. తరువాత అది సర్వసభ్య సభకు వస్తుంది. కొత్త ఆర్థిక సంవత్సరం మొదలుకాక పూర్వమే సభ దానిని ఆమోదించవలెను. ఆదాయంలో ప్రధానమైనది ఆస్తిపన్ను. వ్యాపార లైసెన్సుల రుసుము, కట్టడాల అనుమతి రుసుము, ఆస్తుల రిజిస్ట్రేషన్ సమయంలో వసూలయ్యే సుంకంలో వాటా, సొంత దుకాణాల అద్దెలు, రాష్ట్రప్రభుత్వపు గ్రాంట్లు, ఆర్థిక సంఘాల సిఫారసుపై వచ్చే నిధులు తక్కినవి.

వ్యయం రెండు తెగలు. ఏటేటా తప్పనిది రెవెన్యూ వ్యయం: జీతాలు, డీజిల్, విద్యుత్తు బిల్లు, మరమ్మతులు. కొన్నేళ్లు నిలిచే ఆస్తిని కల్పించేది మూలధన వ్యయం: రోడ్డు, వంతెన, కాలువ, మార్కెట్ భవనం. ఇంటి లెక్కతో పోల్చి చెప్పవలెనంటే బియ్యం, ఉప్పు మొదటి తెగ. పైకప్పు వేయించడం రెండవ తెగ. పైకప్పు కొరకు అప్పు చేయవచ్చును. బియ్యం కొరకు ఏటా అప్పు చేసే గృహస్థు ఎక్కువ కాలం నిలువలేడు.

పని మంజూరుకు కూడా ఒక క్రమం ఉన్నది. ఇంజనీరు అంచనా వేస్తాడు. పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి లభించిన పిమ్మట టెండర్లు పిలుస్తారు. పని నడుస్తుండగా కొలతలు ఎం.బుక్కులోకి ఎక్కుతవి. ఆ కొలతలను బట్టి బిల్లు చెల్లిస్తారు. ఈ గొలుసులో ఏ కడియ బలహీనమైనా ప్రజాధనం జారిపోతుంది. సభ్యులకు ముందుగా పంపిన ఎజెండాలో లేని అంశాన్ని సమావేశం నాడే బల్లమీద పెట్టి ఆమోదింపజేసే పద్ధతిని ‘టేబుల్ ఎజెండా’ అంటారు. వరద, అంటువ్యాధి వంటి అత్యవసరాలలో దానిని తప్పుపట్టలేము. అలవాటుగా మారినప్పుడు మాత్రం చదవని కాగితానికి చెయ్యెత్తిన సభగా ఆ సభ మిగిలిపోతుంది.

దూరదృష్టితో చేసిన వ్యయం ఎట్లుంటుందో తెలుసుకొనుటకు మూసీ నది చాలును. 1908 సెప్టెంబరు 28 నాటి వరద వేలాది ప్రాణాలను బలిగొన్నది. తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి వరద నివారణకు, మురుగు పారుదలకు ప్రణాళికలు వేయించారు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. వరదను ఆపుటకు కట్టిన ఈ జలాశయాలే తరతరాలుగా నగరానికి దాహం తీర్చినవి. అయితే ఇవి ప్రజలు ఎన్నుకొన్న సభ నిర్ణయాలు కావు. ఒక విపత్తు చేయించిన పనులు. విపత్తుకు ముందే ఈ పని చేయించగలగడమే ప్రజాసభ ప్రయోజనం.

ఇక్కడ మరొక విషయం గమనింపదగినది. పన్నెండవ షెడ్యూలులో పట్టణ ప్రణాళిక, నీటి సరఫరా ఉన్నవి. హైదరాబాదులో మాత్రం ప్రణాళిక 1975లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థకు, నీరు, మురుగు పారుదల 1989లో ఏర్పడిన జలమండలికి వెళ్లినవి. పౌరుడు నీటి కొరకు కార్పొరేటర్ ఇంటి తలుపు తడతాడు. ఆ నీటి పద్దు కార్పొరేటర్ సభలో ఉండదు.

పనివారి పాలు

‘జీతాలకే డబ్బంతా పోతే రోడ్లెప్పుడు వేస్తారు?’ అని తరగతిలో విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. ప్రశ్న సహజమే. కాని పురపాలక సంఘం ప్రధానంగా సేవలనందించే సంస్థ. వీధి ఊడ్చే మనిషి జీతమే ఆ వీధి శుభ్రత. జీతాన్ని, పనిని వేర్వేరు వరుసలలో వ్రాసేది లెక్కల సౌకర్యం కొరకే.

కొత్త శాశ్వతోద్యోగాలకు రాష్ట్రప్రభుత్వపు మంజూరు కావలెను. ఆ మంజూరు రానప్పుడు సంఘాలు కాంట్రాక్టు మార్గాన్ని పట్టినవి. దానితో ఒకే చీపురు, ఒకే వీధి, రెండు విధాల జీవితం ఏర్పడినది. శాశ్వతోద్యోగికి వేతన సవరణ, సెలవులు, విశ్రాంత జీవనానికి భద్రత ఉన్నవి. కాంట్రాక్టు పనివానికి గుత్తేదారు మారినప్పుడల్లా సర్వీసు కొత్తగా మొదలైనట్లు లెక్క వ్రాసే ప్రమాదం ఉన్నది. వేతనం నుంచి మినహాయించిన భవిష్యనిధి సొమ్ము అతని ఖాతాకు చేరినదో లేదో అడిగి తెలుసుకొనే తీరిక, అక్షరజ్ఞానం చాలామందికి ఉండవు.

గ్రాట్యుటీని ఉదాహరణగా తీసుకొందాము. 1972 నాటి చట్టం ప్రకారం ఐదేళ్లు తెగకుండా పనిచేసిన వ్యక్తికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున, నెలకు 26 పనిదినాలుగా లెక్కించి, చెల్లించవలసి ఉండేది. 2020 నాటి సామాజిక భద్రతా స్మృతిలోనూ ఇదే గణనసూత్రం నిలిచినది. మునిసిపాలిటీలకు కూడా ఆ చట్టం వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో కాన్పూరు నగరపాలక సంస్థ వ్యాజ్యంలో స్పష్టం చేసినది.

ఊహామాత్రపు లెక్క ఒకటి వేసి చూద్దాము. నెలకు 13,000 రూపాయల వేతనమైతే దినవేతనం 500; పదిహేను రోజులకు 7,500. ఇట్టి పనివారు 200 మంది ఉన్న పట్టణం ఏడాదికి 15 లక్షలు వేరుగా ఉంచవలెను. ఈ ఏడు ఉంచక ఆ సొమ్ముతో ఒక సందులో సిమెంటు రోడ్డు వేసినచో సభలో చప్పట్లు మ్రోగుతవి. కాని గ్రాట్యుటీని కట్టేది చివరి వేతనంపైన. ముప్పది ఏళ్లకు వేతనం 26,000 అయినచో ఒక్కొక్కరికి ఏడాదికి 15,000 చొప్పున నాలుగున్నర లక్షలు. 200 మందికి 9 కోట్లు. రోడ్డు ఆనాటికి అరిగిపోయి ఉంటుంది. అప్పు మాత్రం పెరిగి ఉంటుంది. పద్దులో వ్రాయనంత మాత్రాన బాకీ తీరదు.

పనివాని ప్రాణమూ ఈ లెక్కలోనిదే. మనుషులను మురుగుగుంటలలోకి దింపి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించినది. అట్లు మరణించినవారి కుటుంబాలకు 10 లక్షలు చెల్లించవలెనని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించి, 2023లో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచినది. యంత్రం కొనుటకు వెనుకాడిన సంఘం తరువాత పరిహారం చెల్లిస్తుంది. ఆ పరిహారం కూడా పోయిన మనిషిని తిరిగి తేలేదు.

మెంఫిస్ నగరం నేర్పిన పాఠం

ఇట్టి లెక్క తప్పితే ఏమవుతుందో అమెరికాలోని మెంఫిస్ నగర చరిత్ర చూపుతుంది. 1968 ఫిబ్రవరి 1న వర్షానికి తలదాచుకొనుటకు చెత్తలారీ వెనుక భాగంలోకి చేరిన ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్ అనే ఇద్దరు నల్లజాతి పారిశుధ్య కార్మికులు అందులోని నొక్కుడుయంత్రం తనంతట తాను కదలగా నలిగి మరణించారు. పాత లారీలను మార్చవలెనని కార్మికులు అంతకుముందే మొరపెట్టుకొని ఉన్నారు. గంటల లెక్కన పనిచేసేవారు కనుక వారికి ప్రమాద పరిహారపు హక్కు లేదు. నగరం ప్రతి కుటుంబానికి ఒక నెల జీతం, అంత్యక్రియలకు 500 డాలర్లు ఇచ్చి చేతులు దులుపుకొన్నది.

ఫిబ్రవరి 12న సుమారు 1,300 మంది పని మానివేశారు. ఆ ఏడాది జనవరిలోనే ఏర్పడిన 13 మంది సభ్యుల నూతన నగరసభ ముందుకు ఆ మొర వచ్చినది. 23వ తేదీన సభ నిర్ణయం తాను తీసుకొనక మేయరు హెన్రీ లోబ్‌కు విడిచిపెట్టినది. మేయరు కార్మిక సంఘాన్ని గుర్తింపనన్నాడు. ‘నేను మనిషిని’ అనే పలకలు ధరించి కార్మికులు వీధులలో నడిచారు. వారికి అండగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్ ఏప్రిల్ 4న ఆ నగరంలోనే హత్యకు గురి అయినాడు. ఏప్రిల్ 16న ఒప్పందం కుదిరినది. సంఘానికి గుర్తింపు, గంటకు మొదట 10 సెంట్లు, పిమ్మట మరి 5 సెంట్ల పెంపు. రెండు నెలలకు పైగా ఒక నగరాన్ని స్తంభింపజేసిన వివాదం చివరకు కొన్ని నాణేల వద్ద తెమిలినది.

అయినను పద్దు అంతటితో ముగియలేదు. ఆ కార్మికులు నగరోద్యోగుల పింఛను పథకంలో కాక జాతీయ సామాజిక భద్రతా పథకంలో చేరారు. ఆ మొత్తం చాలక కొందరు వృద్ధాప్యంలోనూ చెత్తబండ్ల వెంట పనిచేయవలసి వచ్చినది. చివరకు 2017లో నగరపాలక వర్గం ఆనాటి సమ్మెలో పాల్గొని జీవించి ఉన్నవారికి ఒక్కొక్కరికి కనీసం 50 వేల డాలర్లు ఇచ్చుటకు పూనుకొన్నది. 1968లో సరిగా కట్టని లెక్క 49 ఏళ్ల తరువాత మళ్లీ సభ తలుపు తట్టినది. అప్పటికి అందుకొనవలసిన వారిలో ఎక్కువమంది లేరు.

విద్యార్థుల కర్తవ్యం

పై చర్చ వలన మూడు విషయాలు తేలుచున్నవి. పనులకు, పనివారికి పోటీ పెట్టరాదు. మంచి లారీ కొనడం పని, అదే పనివాని భద్రత. నేటి ఆదా రేపటి బాకీ కావచ్చును గనుక పద్దును ఒక్క ఏటికి మాత్రమే చూడరాదు. ప్రశ్నించే సభ్యుడు లేని సభ, ప్రశ్నించే పౌరుడు లేని పట్టణం రెండూ ఒకటే.

1989 నుంచి 18 ఏళ్లు నిండినవారికి ఓటుహక్కు ఉన్నది. 21 ఏళ్లు నిండినచో పురపాలక సభకు పోటీ చేయవచ్చును. అంటే పట్టా చేతికి వచ్చే వయసుకే కార్పొరేటర్ కాదగిన అర్హత లభిస్తుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం మీ వార్డుకు ఎంత మంజూరైనది, ఎంత ఖర్చయినది, మీ వీధి ఊడ్చే పనివాని భవిష్యనిధి జమ అయినదా అని లిఖితపూర్వకంగా అడిగే అధికారాన్ని ఇచ్చినది. ఉర్దూలో మొర చెప్పుకొనే వృద్ధురాలికి తెలుగులో దరఖాస్తు వ్రాసిపెట్టడం రెండు భాషలూ నేర్చే మన కళాశాల విద్యార్థులకు కష్టమేమీ కాదు. పౌరశాస్త్రంలో మార్కులు తెచ్చుకొన్నవారు ఒక్క ఏడాది తమ వార్డు పద్దును కూడా చదివినచో, ఆ చదువు వలన తమ వీధికి, ఆ వీధిని ఊడ్చే చేతులకు కూడా మేలు కలుగుతుంది.