బొర్రా గుహలకు వెళ్లాలా, వద్దా?



ఈ ఏడాది విహారయాత్ర బొర్రా గుహలకా, ఇంకో చోటుకా అని మన హాస్టల్లో వాదన జరుగుతోంది. "అక్కడ జనం తప్ప ఏమీ కనపడదు" అని కొందరంటున్నారు. ఆ మాట సగం నిజమే. మాది అనంతగిరి మండలమే గనుక నేను నాలుగుసార్లు చూశాను. సంక్రాంతి సెలవుల్లో వెళితే ముందున్నవాళ్ల వీపులు చూసి రావడమే. అయినా వెళ్లాలనే నేనంటాను.

పైకప్పు కన్నంలోంచి ఆవు పడితే, దాన్ని వెతుకుతూ పోయిన కాపరి గుహను చూశాడని మా మామ్మ చెప్తుంది. అక్కడి ఏరు పేరు గోస్తని, అంటే ఆవు పొదుగు. ఇది కథ. గుహ ఎలా పుట్టిందో మాత్రం మన సైన్సు గదిలోనే చూడొచ్చు.

సున్నపుతేటలో గొట్టం పెట్టి ఊదితే పాలలా తెల్లబడుతుంది గదా. అందరూ అక్కడితో ఆపేస్తారు. ఆపకుండా ఊదుతూ ఉంటే మళ్లీ తేటగా అయిపోతుంది! మొదట వచ్చిన తెలుపు కాల్షియం కార్బొనేటు, అంటే సున్నపురాయిలో ఉండేదే. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడు ఎక్కువయ్యేసరికి అది నీళ్లలో కరిగిపోయింది. బొర్రా కొండలో జరిగిందీ ఇదే. వాననీరు గాలిలో, మట్టిలో ఉన్న ఆ వాయువును కలుపుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. అది ఎన్నో వేల ఏళ్లు సున్నపురాయిని కరిగించి సుమారు 80 మీటర్ల లోతు గుహ చేసింది. ఇప్పుడు కప్పునుంచి చుక్క పడేముందు కాసేపు వేలాడుతుంది. అప్పుడు వాయువు బయటికి పోయి రవ్వంత సున్నం అక్కడే ఉండిపోతుంది. అలా పైనుంచి మర్రి ఊడలా దిగేది స్టాలక్టైటు, కింద పుట్టలా లేచేది స్టాలగ్మైటు. మామూలుగా ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగవు. నా చిటికెన వేలంత కావడానికి కొన్ని వందల ఏళ్లు పట్టొచ్చు.

ఇక జనం సంగతి. మనం గొట్టంలో ఊదిన ఊపిరినే అక్కడ వందలమంది ఒకేసారి వదులుతారు. చేతి జిడ్డు అంటిన రాయిమీద కొత్త సున్నం సరిగా పట్టదు. దీపాల వెలుగు ఎప్పుడూ పడేచోట నాచు పుడుతుంది. ఫ్రాన్సులో లాస్కో గుహలో పాతరాతియుగం బొమ్మలు జనం ఊపిరికి పాడవుతున్నాయని 1963లో మూసేశారు.

మరి బొర్రా కూడా మూసెయ్యాలా? అలా అనడానికి నాకు నోరు రాదు. మా పిన్ని గుహ దారిలో బొంగు చికెన్ అమ్ముతుంది. జనం లేని రోజు బేరం ఉండదు. ఇంకో సంగతి కూడా ఉంది. బొర్రా ప్రాంతపు గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఏజెన్సీలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. కొండను తవ్వి లారీలకెత్తడం కంటే చూడ్డానికి జనం రావడమే మాకు నయం, ముట్టుకోకుండా ఉంటే.

కాబట్టి ఆదివారం వద్దు, సంక్రాంతి అసలే వద్దు. వానలు తగ్గేవేళ మామూలు రోజున, గుహ తెరవగానే వెళ్దాం. గైడు లైటు కొట్టి ఇది శివుడు, ఇది తల్లీబిడ్డ అని చూపిస్తాడు. నాకైతే అవి అంతగా అలా కనపడలేదు. మీరు ఒక ఊడ కొనను చూస్తూ నిలబడండి. ఒక చుక్క పడి రెండోది పడేలోపు నేను నలభైదాకా లెక్కపెట్టాను.