చెయ్యి వెనక్కి తీసుకోండి, పిల్లల్ని గీయనివ్వండి

మూడున్నరేళ్ల పాప. కాగితం మీద ఒక గుండ్రం చుట్టింది. దానికి రెండు కళ్లు పెట్టింది. గుండ్రం నుంచే రెండు కాళ్లు కిందికి, రెండు చేతులు పక్కలకు లాగింది. మెడ లేదు, పొట్ట లేదు. "ఇది నాన్న" అని చూపించింది.

ఇప్పుడు మీరేం చేస్తారు? చాలా ఇళ్లలో జరిగేది ఒకటే. "నాన్నకు పొట్టేదమ్మా? ఇలా ఇవ్వు" అంటూ క్రేయాన్ తీసుకుని మనం గీసి చూపిస్తాం. పాప చూస్తుంది. ఆ తర్వాత "నువ్వే వెయ్యి, నాకు రాదు" అనడం నేర్చుకుంటుంది.

ఆ "నాకు రాదు" అనే మాట పిల్లలకు పుట్టుకతో రాదు. మన దగ్గరే వస్తుంది. కాబట్టి దాన్ని ఆపడం కూడా మన చేతుల్లోనే ఉంది.

ముందు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. తల నుంచి కాళ్లొచ్చిన ఆ నాన్న బొమ్మలో తప్పేమీ లేదు. మూడు, నాలుగేళ్ల వయసులో ప్రపంచమంతటా పిల్లలు మనిషిని దాదాపు అలాగే గీస్తారు. కళావిద్య నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో రాసిన పుస్తకంలో పిల్లల బొమ్మలు దాటే దశలన్నీ వివరించారు. సుమారు రెండేళ్ల నుంచి నాలుగేళ్ల దాకా పిచ్చి గీతలు. ఆ తర్వాత ఏడేళ్ల దాకా, చూసినదానికి గుర్తుల్లాంటి బొమ్మలు. నడవడానికి ముందు పాకుతారే, ఇదీ అంతే. పాకే బిడ్డను తప్పు చేస్తున్నావని అనం కదా!

పైగా మన పిల్లలకు ఇందులో ఇంకో లాభం ఉంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, వంపులే. మొదలుపెట్టిన చోటికి గీతను తిరిగి తెచ్చి కలపడం వచ్చిన చేతికి రేపు 'అ' దిద్దడం తేలిక. పిచ్చి గీతలు టైమ్ వేస్ట్ అనుకునేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

ఇక మార్చుకోవాల్సిన అలవాట్లు. పిల్లలవి కాదు, మీవి.

ఒకటి: "ఏంటిది?" అని అడగడం మానండి. అది ఏదో ఒకటి అయి తీరాలన్న ఒత్తిడి ఆ ప్రశ్నలోనే ఉంది. చూసింది చూసినట్టు చెప్పండి. "ఈ ఎర్ర గీత ఆ చివరిదాకా తీసుకెళ్లావే!" అనండి. "దీని కథ చెప్పవా?" అనండి. పాప చెప్పిన మాటల్ని, ఉన్నదున్నట్టు, కాగితం వెనక రాయండి. తేదీ వేయండి. మీరు సీరియస్‌గా తీసుకుంటున్నారని పాపకు అర్థమవుతుంది.

రెండు: బొమ్మకు బహుమతి ఆశ పెట్టకండి. ఇది చాలా ముఖ్యం. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. అప్పటికే బొమ్మలంటే ఇష్టపడే నర్సరీ పిల్లల్ని తీసుకున్నారు. కొందరికి "బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం" అని ముందే చెప్పారు. వేశారు, ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత చూస్తే, ఆ పిల్లలు తమంతట తాము బొమ్మలు వేసే సమయం మిగతావాళ్లతో పోలిస్తే సగం దాకా పడిపోయింది. సరదా కాస్తా పని అయిపోయింది. ఎల్‌కేజీ పిల్లల్ని డ్రాయింగ్ పోటీలకు పరుగెత్తించే ముందు దీన్ని తలచుకోండి. చాక్లెట్ ఆశ చూపడం కూడా ఇదే లెక్క.

మూడు: సామాను అందేలా పెట్టండి. ఖరీదైన కిట్ అవసరం లేదు. పలక, బలపం, లావుపాటి క్రేయాన్లు, పాత శుభలేఖల వెనక వైపు, తడిమట్టి, కొంచెం ముగ్గుపిండి. అడ్డంగా కోసిన బెండకాయ ముక్కను రంగులో ముంచి అద్దితే పువ్వు పడుతుంది. రంగులు ఒకేసారి పన్నెండు ఇవ్వకండి, రెండు చాలు. పసుపు, నీలం కలిసి పచ్చగా మారడం పిల్లలే కనిపెట్టాలి.

ఒక పని చేసి చూడండి. గిన్నెలో పసుపు నీళ్లు కలపండి. పాపతోనే చిటికెడు వంటసోడా వేయించండి. పసుపు నీళ్లు కళ్లముందే ఎర్రబారతాయి. నిమ్మరసం పిండించండి. బుస్సుమని పొంగుతుంది, మళ్లీ పసుపు రంగుకు వస్తుంది. ఆ క్షణంలో పాప మొహం చూడండి! ఆ తర్వాత "ఇంకేం కలుపుదాం?" అని తనే అడుగుతుంది. మనకు కావాల్సిన క్రియేటివిటీ ఆ ప్రశ్నే.

మురికవుతుందని భయమా? పాత చొక్కా తొడగండి. కింద న్యూస్‌పేపర్ పరవండి. రోజూ అరగంట, ఒకే చోట. గీసినంతసేపు ఫోన్ పక్కన పెట్టి దగ్గర కూర్చోండి, చాలు.

ఇక బడి సంగతి. క్లాసు గోడ మీద ముప్ఫై మామిడిపండ్లు, ముప్ఫయ్యీ ఒకేలా ఉంటే అక్కడ ఆర్ట్ జరగడం లేదు, కాపీ జరుగుతోంది. ఇటలీలో రెజ్జో ఎమిలియా అనే ఊరు ఉంది. అక్కడ మునిసిపాలిటీ 1963లో తొలి శిశుపాఠశాల తెరిచింది. విద్యావేత్త లోరిస్ మలగుజ్జి మార్గదర్శనంలో పెరిగిన ఆ బడుల్లో బొమ్మల కోసం ప్రత్యేకంగా ఒక గది, కళలో శిక్షణ ఉన్న ఒక టీచరు ఉంటారు. బొమ్మ వేయడం అక్కడ పిల్లలు ఆలోచించే పద్ధతి. అది ఖాళీ పీరియడ్‌ను నింపే పని కాదు. మన జాతీయ విద్యా విధానం 2020 కూడా చిన్నపిల్లల చదువులో బొమ్మలు గీయడం, రంగులు వేయడం ఉండాలనే చెప్పింది. కాబట్టి పేరెంట్స్ మీటింగ్‌లో మొహమాటపడకండి. "గీత దాటకుండా రంగు వేసిందా అని మార్కులు వద్దండీ, వారానికి ఒక్కసారైనా తెల్ల కాగితం ఇవ్వండి" అని అడగండి. మర్యాదగా, కానీ గట్టిగా. నలుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఇంకా మంచిది.

ఈ సాయంత్రమే మొదలుపెట్టండి. ఒక తెల్ల కాగితం, రెండు క్రేయాన్లు పాప ముందు పెట్టండి. ఏం గీయాలో మాత్రం చెప్పకండి.