ఏడేళ్ళ లెక్క: పిల్లలకు పై చదువుల దారి చూపేవారికి ఒక పాఠము

చదువవలసిన భాగము: ఎజ్రా 2:59–62

చెర నుండి తిరిగి వచ్చినవారి జాబితాను ఎజ్రా గ్రంథము రెండవ అధ్యాయములో చూస్తాము. పేర్లు, సంఖ్యలు ఎక్కువ గనుక ఆ అధ్యాయాన్ని గబగబా దాటిపోవడం మనకు అలవాటు. అయితే అందులో ఒక సంగతి ఉన్నది. యాజకుల కుటుంబాలలో కొందరు తమ వంశావళి పట్టీలను వెదికారు, అవి దొరకలేదు, అందుచేత వారిని యాజకత్వము నుండి తప్పించారు. వారు యాజకుల సంతానము కాదని ఎవరూ రుజువు చేయలేదు. కాగితము కనబడలేదు, అంతే.

ఈ పాఠము సండే స్కూలు టీచర్లకు, కాపరులకు, హైస్కూలులో పనిచేసే మన విశ్వాసులకు, "ఆన్నా, పాప మార్కులు బాగున్నాయి, ఇప్పుడు ఏం చేయాలి?" అని పక్కింటివారు అడిగితే జవాబు చెప్పవలసి వచ్చే ప్రతి ఒక్కరికి వ్రాస్తున్నాము. కోలారు జిల్లాలో, ముఖ్యంగా కెజిఎఫ్‌లో, మన పిల్లలకు సీటు పోవడానికి మార్కుల కొరతే కారణమని అనుకుంటాము. మేము చూచినంతలో కాగితాల కొరత కూడా అంతే చేటు చేస్తున్నది.

కారణము మనకు తెలిసినదే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడ్డాయి. లైన్లలో పుట్టి పెరిగిన తండ్రులు తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగి రావడం మొదలుపెట్టారు. తల్లి కూడా పనికి పోతే పిల్లలను చూచేవారు లేక కుప్పం వైపో, వి.కోట వైపో అమ్మమ్మ ఇంట్లో విడిచారు. కొన్నాళ్ళు అక్కడి బడి, కొన్నాళ్ళు ఇక్కడి బడి. ఎవరినీ తప్పుపట్టలేము. కాని రెండు రాష్ట్రాల నిబంధనలు ఈ రాకపోకలను లెక్కలోకి తీసుకోవు.

కర్ణాటకలో ఇంజనీరింగు మొదలైన కోర్సులకు ప్రభుత్వ సీట్లను సిఇటి ద్వారా ఇచ్చేది కర్ణాటక పరీక్షా ప్రాధికారము, మనమందరం కెఇఎ అని పిలిచే సంస్థ. దాని మొదటి షరతును తల్లిదండ్రులందరూ నోటికి నేర్చుకొనవలెనని మా మనవి. ఒకటవ తరగతి నుండి రెండవ పియుసి వరకు ఉన్న పన్నెండేళ్ళలో కనీసం ఏడేళ్ళు కర్ణాటకలోని గుర్తింపు పొందిన బడులలో చదివి ఉండాలి. అంతేగాక పదవ తరగతి గాని, రెండవ పియుసి గాని కర్ణాటకలో పాసై ఉండాలి. ఏడేళ్ళు వరుసగా ఉండవలసిన పని లేదు. ఇక్కడ ఒకటి నుండి ఐదు వరకు చదివి, మధ్యలో ఆంధ్రలో ఉండి, తిరిగి వచ్చి రెండేళ్ళు పియుసి చేసినవాడికి కూడా లెక్క సరిపోతుంది.

ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టండి. ఇంతకుముందు ఇక్కడ ఒక్క యేడు కూడా చదవని పిల్ల ఆరవ తరగతిలో వచ్చి చేరితే ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, రెండేళ్ళ పియుసి – సరిగ్గా ఏడు. ఏడవ తరగతిలో వస్తే ఆరు. "హైస్కూలుకు తీసుకొని వద్దాంలే" అని ఎనిమిదిలో తెస్తే ఐదే.

కొన్నేళ్ళ క్రితం మా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయికి జరిగింది ఇదే. ఏడవ తరగతి వరకు కుప్పం దగ్గర అమ్మమ్మ ఇంట్లో చదివింది. ఎనిమిది నుండి కెజిఎఫ్‌లో. పియుసిలో మంచి మార్కులు, సిఇటిలో మంచి ర్యాంకు. పత్రాల పరిశీలన రోజున ఐదేళ్ళే ఉన్నాయని చెప్పి పంపారు. తండ్రి, "అయితే ఆంధ్రలో చూద్దాం, మనం తెలుగువాళ్ళమే గదా" అన్నాడు. ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనరు సీట్లలో 85 శాతం స్థానికులకు. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు నుండి వచ్చిన పద్ధతి ప్రకారం, అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివినవారే ముందుగా స్థానికులు. ఆ అమ్మాయి చివరి ఐదేళ్ళు ఇక్కడ చదివింది. ఇంట్లో తెలుగు మాట్లాడడం అక్కడ లెక్కలోకి రాదు. ఇక్కడ ఏడేళ్ళు లేవు, అక్కడ నాలుగేళ్ళు లేవు.

అయితే దారి పూర్తిగా మూసుకొనిపోలేదు. కెఇఎ షరతులలో రెండవది ఒకటున్నది, చాలామందికి తెలియదు. పిల్లవాడు రెండేళ్ళ పియుసి కర్ణాటకలో చదివి, తల్లి గాని తండ్రి గాని కనీసం ఏడేళ్ళు కర్ణాటకలో చదివి ఉంటే అర్హత వస్తుంది. ఈ అమ్మాయి తల్లి పుట్టింది, పదవ తరగతి వరకు చదివింది కెజిఎఫ్‌లోనే! పెట్టెలో ఆమె ఎస్‌ఎస్‌ఎల్‌సి మార్కుల కార్డు దొరికింది కూడా. కాని మార్కుల కార్డు ఏడేళ్ళ చదువుకు రుజువు కాదు. కావలసింది ఏ తరగతి ఏ యేడు చదివిందో చూపే స్టడీ సర్టిఫికెట్టు, దాని మీద హెడ్‌మాస్టరు సంతకము, బిఇఓ పైసంతకము. ఆమె చదివిన బడి గనులతోపాటే మూతబడింది. రిజిస్టర్లు ఎక్కడికి పోయాయో కనుక్కొని, సర్టిఫికెట్టు చేతికి వచ్చేసరికి ఆ యేటి గడువు దాటింది. అమ్మాయి బి.ఎస్‌సి.లో చేరి, మరుసటి యేడు మళ్ళీ సిఇటి వ్రాసి ఇంజనీరింగుకు పోయింది. ఒక యేడు, ఒక ఫీజు, తల్లి కన్నీళ్ళు – ఒక కాగితము కొరకు.

గనుల కాలపు బడులలో చదివిన తల్లిదండ్రులు మన సంఘాలలో ఇంకా చాలామంది ఉన్నారు. పిల్లవాడికి అవసరం వచ్చినా రాకపోయినా మీ స్టడీ సర్టిఫికెట్టు ఇప్పుడే తీసుకొని పెట్టుకొనండి. మూతబడిన బడి రిజిస్టర్లు దగ్గరి బడిలోనో, బిఇఓ ఆఫీసులోనో ఉండే అవకాశమున్నది. వాటిని గుర్తుపట్టి తీసి ఇచ్చే పాత గుమాస్తా రిటైరు కాకముందే అడగడం మేలు.

పల్లె సంఘాలవారికి ఒక మాట. ఒకటి నుండి పది వరకు పదేళ్ళూ గ్రామీణ ప్రాంతపు బడులలో చదివినవారికి 15 శాతం సీట్లు, పదేళ్ళూ కన్నడ మాధ్యమంలో చదివినవారికి 5 శాతం సీట్లు ఉన్నాయి. ఒక్క యేడు పట్టణపు బడికి మారినా గ్రామీణ హక్కు పోతుంది. బంగారుపేట చుట్టుపక్కల ఊళ్ళనుండి ఎనిమిదవ తరగతికి పిల్లలను టౌనుకు మార్చేవారు ఈ సంగతి తెలిసి మార్చండి. మార్చవద్దని మేము అనడం లేదు. ఊరి బడిలో లెక్కలకు టీచరు లేకపోతే 15 శాతము ఏమి మేలు చేస్తుంది? తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి ఈ 5 శాతము రాదు. ఇంట్లో తెలుగు చదవడం, వ్రాయడం నేర్పండి, పియుసిలో తెలుగును ఒక భాషగా తీసుకొనవచ్చు కూడా. కాని ఈ రాష్ట్రంలో కన్నడము బాగా రాకపోతే బిఇఓ ఆఫీసు నుండి ఉద్యోగము వరకు పిల్లవాడు ప్రతి కిటికీ దగ్గర తడబడతాడు.

ఇక మనము గట్టిగా మాట్లాడుకొనడానికి ఇష్టపడని సంగతి, కుల ధ్రువపత్రము.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులపువారిగా లెక్కించబడేది హిందువులు, 1956 నుండి సిక్కులు, 1990 నుండి బౌద్ధులు మాత్రమే. క్రైస్తవులకు అది వర్తించదు. ఇది న్యాయమా అన్న ప్రశ్న దేశంలో ఎంతోకాలంగా నలుగుతున్నది. లైన్లలో మన తాతలను అంటరానివారుగా చూచినవాడు వారు గుడికి పోతున్నారా, చర్చికి పోతున్నారా అని అడిగి చూడలేదు. అది అన్యాయమనే మా అభిప్రాయము. అయినా ఫారము నింపే రోజున ఉన్న చట్టమే చట్టము. 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒకామె విషయంలో, క్రైస్తవ విశ్వాసములో నడుస్తూ ఉద్యోగము కొరకు మాత్రమే హిందువునని షెడ్యూల్డు కుల పత్రము కోరడము చెల్లదని తీర్పు చెప్పింది.

మన బాప్టిస్టు సంఘాలలో దీనికి ఒక ప్రత్యేకమైన మెలిక ఉన్నది. మనము పసిపిల్లలకు బాప్తిస్మము ఇవ్వము. గనుక కొందరు తల్లిదండ్రులు, "వాడింకా బాప్తిస్మము తీసుకోలేదు గదా, సీటు వచ్చేదాకా ఆగుదాం" అంటారు. కాపరిని రిజిస్టరులో పేరు వ్రాయవద్దని బ్రతిమాలినవారు కూడా ఉన్నారు. కాపరి దయతలచి ఒప్పుకుంటే సంఘపు రిజిస్టరు ఇక దేనికీ సాక్ష్యముగా పనికిరాదు. పైగా ఉత్తర్వు అడిగేది ఏ మతమును అవలంబిస్తున్నావని, బాప్తిస్మపు తేదీని కాదు. ఇరవై ఏళ్ళ తరువాత ఎవరో ఫిర్యాదు చేస్తే సీటూ పోవచ్చు, దానిమీద వచ్చిన ఉద్యోగమూ పోవచ్చు. ఆ భయముతో బ్రతికే పిల్లవాడిని ఎవరు ఓదారుస్తారు?

నిజము చెప్పినందువలన పిల్లవాడు అన్నీ పోగొట్టుకొనడని చాలామందికి తెలియదు. కర్ణాటక వెనుకబడిన తరగతుల పట్టీలో షెడ్యూల్డు కులాల నుండి క్రైస్తవులైనవారు ప్రవర్గము ఒకటిలో ఉన్నారు. దానికి ఆదాయ పరిమితి లేదు. మిగిలిన క్రైస్తవులు మూడు-బిలో ఉన్నారు, అక్కడ ఆదాయము చూస్తారు. మన పిల్లల టి.సి.లలో "క్రిస్టియన్" అని మాత్రమే ఉండడం వలన నాడకచేరిలో మూడు-బి వ్రాసి ఇచ్చేస్తుంటారు. తాత బడి రికార్డులోనో, మైను సర్వీసు పుస్తకములోనో మూలకులము వ్రాసి ఉంటే ఆ నకలుతో ప్రవర్గము ఒకటికి దరఖాస్తు చేయండి. ఆంధ్రలో ఇటువంటివారికి బిసి-సి అనే విభాగము, 1 శాతము ఉన్నది. ఆ పత్రము ఇక్కడ చెల్లదు, ఇక్కడిది అక్కడ చెల్లదు.

సబ్జెక్టుల సంగతి పదవ తరగతి ఫలితాల రోజునే తేలిపోవాలి. ఇంజనీరింగుకు ఫిజిక్సు, లెక్కలు తప్పనిసరి, మూడవదిగా కెమిస్ట్రీ, బయాలజీ, కంప్యూటర్ సైన్సు వంటి వాటిలో ఒకటి. ఈ మూడింటిలో కలిపి సాధారణ వర్గానికి 45 శాతము, వెనుకబడిన, షెడ్యూల్డు వర్గాలకు 40 శాతము ఉండాలి. ర్యాంకు లెక్కలో సిఇటి మార్కులు సగము, పియుసి మార్కులు సగము. గనుక "సిఇటి కోచింగు ఉంది, కాలేజీ పరీక్ష ఎలాగో గట్టెక్కుతుంది" అనే మాట తప్పు. నర్సింగు చేయాలనుకునే అమ్మాయి బయాలజీ వదులుకొని కామర్సు తీసుకుంటే బి.ఎస్‌సి. నర్సింగు తలుపు ఆ రోజే మూసుకుంటుంది. డాక్టరు చదువుకు నీట్ వేరే. లెక్కలంటే ఇష్టముండి ఇంట్లో డబ్బు లేని పిల్లవాడికి పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్కు, అక్కడనుండి నేరుగా ఇంజనీరింగు రెండవ సంవత్సరము మంచి దారి. బి.ఎ., బి.కాం., బి.ఎస్‌సి. చదువులకు మన జిల్లా 2017లో ఏర్పడిన బెంగుళూరు ఉత్తర విశ్వవిద్యాలయము క్రింద ఉన్నది. 2021లో వచ్చిన నాలుగేళ్ళ డిగ్రీ పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వము 2024లో తీసివేసి మూడేళ్ళకు తెచ్చింది. అన్న చదివిన పద్ధతే తమ్ముడికీ ఉంటుందని అనుకొనవద్దు.

ఆరాధన ముగిసే వేళకు కరపత్రాలు పట్టుకొని గేటు దగ్గర నిలబడే ఏజెంట్లను గూర్చి కూడా చెప్పవలసి ఉన్నది. "సీటు గ్యారంటీ, ఉద్యోగం గ్యారంటీ" అని చెప్పి అడ్వాన్సుతోపాటు ఒరిజినల్ మార్కుల కార్డులు పట్టుకొని పోతారు. తరువాత వేరే కాలేజీలో సీటు వచ్చినా కార్డులు తిరిగి రావు. ఒరిజినల్స్ పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇచ్చివేయాలని, కళాశాల దగ్గర ఉంచుకోరాదని యుజిసి 2018లోనే ప్రకటించింది. నర్సింగు కాలేజీ అయితే రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయపు అనుబంధము, నర్సింగు కౌన్సిలు గుర్తింపు ఈ యేటికి ఉన్నవా అని అడగండి. ఏజెంటు జవాబు చాలదు, కాగితము చూపమనండి. సంఘ పెద్దలు ఏ ఏజెంటునూ వేదిక మీద నిలబెట్టి ప్రకటన చేయనివ్వకూడదని మా గట్టి అభిప్రాయము. కాపరి పక్కన నిలబడ్డవాడిని విధవరాలు కాపరి మాటగానే నమ్ముతుంది.

పేర్ల విషయము చిన్నదిగా కనబడుతుంది గాని చాలా తిప్పలు పెడుతుంది. కోలారు వైపు మనము ఇనీషియలు వ్రాస్తాము, ఆంధ్ర బడిలో ఇంటిపేరు ముందు వ్రాస్తారు, ఆధార్‌లో తండ్రి పేరు మొత్తము చేరుతుంది. పదవ తరగతి మార్కుల కార్డులో పడిన పేరే చివరకు నిలిచేది. తొమ్మిదవ తరగతిలో ఉండగానే హెడ్‌మాస్టరుతో చెప్పి శాట్స్ రికార్డులో సరిచేయించండి.

పాఠము ముగించే ముందు ఒక అభ్యాసము. ఒక తెల్ల కాగితము మీద ఒకటి నుండి పన్నెండు వరకు అంకెలు వ్రాయండి. ప్రతి అంకె ఎదుట మీ పిల్లవాడు చదివిన బడి, ఊరు, రాష్ట్రము, మాధ్యమము వ్రాయండి. కాగితము వెనుక తల్లికి ఒక పట్టీ, తండ్రికి ఒక పట్టీ. ఖాళీలు ఎక్కడ మిగిలాయో గుర్తు పెట్టండి. బడులు తెరిచిన తరువాత వచ్చే మొదటి ఆదివారము ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఆ కాగితముతో, టి.సి. నకళ్ళతో సండే స్కూలు గదికి రాగలరు. కెఇఎ ఆ యేటి సమాచార పుస్తకము అక్కడ ఉంచి, ఒక్కొక్కరి లెక్క వేరుగా చూడవలెనని టీచర్లకు మనవి.