సద్దు తగ్గిన వేళ

ఉద్దేశం

విద్యుత్ పరికరాల హోరుతో పేరు పొందిన ఒక రాక్ బృందం, ఆ హోరును తగ్గించుకొని పాడిన ఒక రాత్రిని పరిచయం చేయడం, కళాకారుని వేదనకూ అతని కళకూ గల సంబంధాన్ని గురించి విద్యార్థులను ఆలోచింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

రాక్ సంగీతం ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలంలో అమెరికాలో రూపుదిద్దుకొంది. ఎలక్ట్రిక్ గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు దానికి ప్రధాన వాద్యాలు. తీగ మీటినప్పుడు పుట్టిన నాదాన్ని విద్యుత్తు సాయంతో ఎన్నో రెట్లు పెంచి వినిపించడం ఆ సంగీతపు ప్రత్యేకత. విద్యుత్తుతో నిమిత్తం లేకుండా, తన చెక్కగుల్ల ద్వారానే మోగే గిటారును అకూస్టిక్ గిటారు అంటారు. మన వీణకు కుండ ఎటువంటిదో దానికి ఆ గుల్ల అటువంటిది.

రాక్ గాయకులు ఇటువంటి వాద్యాలతో, కొద్దిమంది శ్రోతల ముందు కూర్చుని పాడే 'అన్‌ప్లగ్డ్' అనే కార్యక్రమాన్ని ఎం.టి.వి. అనే అమెరికన్ టెలివిజన్ సంస్థ 1989లో ప్రారంభించింది. హోరు చాటున దాగే అవకాశం ఇక్కడ గాయకునికి ఉండదు. గొంతులోని బలంతోపాటు బలహీనత కూడా బయటపడుతుంది. 1993 నవంబరు 18న న్యూయార్కులో 'నిర్వాణా' బృందం ఈ పరీక్షకు సిద్ధపడింది.

ఆ బృందం 1987లో వాషింగ్టన్ రాష్ట్రంలోని అబర్డీన్ అనే ఊళ్లో ఏర్పడింది. కలప పరిశ్రమపై ఆధారపడిన చిన్న పట్టణమది. గాయకుడు, గీతకర్త అయిన కర్ట్ కోబెయిన్, బేస్ గిటారు వాయించే క్రిస్ట్ నోవోసెలిక్ దాని వ్యవస్థాపకులు. డ్రమ్ములు వాయించే డేవ్ గ్రోల్ 1990లో వారితో చేరాడు. 1991 సెప్టెంబరులో వెలువడిన వారి 'నెవర్‌మైండ్' ఆల్బమ్, 1992 జనవరిలో మైకేల్ జాక్సన్ 'డేంజరస్' ఆల్బమ్‌ను తప్పించి అమెరికా జాబితాలో ప్రథమ స్థానం పొందింది.

బృందం పేరు మన 'నిర్వాణం' అనే మాటే. బౌద్ధంలో అది దుఃఖం ఆరిపోయిన స్థితి. ఆ పేరు పెట్టుకొన్న గాయకునికి మాత్రం దుఃఖం ఆరలేదు. 1967లో జన్మించిన కోబెయిన్ తొమ్మిదేళ్ల వయస్సులో తల్లిదండ్రుల విడాకులను చూశాడు. ఎదిగిన తరువాత తీవ్రమైన కడుపునొప్పి అతణ్ణి వేధించింది. ఆ నొప్పికి ఉపశమనమని అతడు చెప్పుకొన్న హెరాయిన్ అతణ్ణి పూర్తిగా లోబరచుకొంది. కోరి తెచ్చుకొన్న కీర్తి కూడా భారంగానే పరిణమించింది. ఆ రాత్రి వేదిక ఎక్కేముందు అతడు తీవ్రమైన ఆందోళనతో ఉన్నాడని తోటివారు తరువాత తెలిపారు.

వేదికను లిల్లీ పూలతో, నల్ల కొవ్వొత్తులతో, స్ఫటిక దీపగుచ్ఛంతో అలంకరించాలని కోబెయిన్ కోరాడు. అంత్యక్రియల మందిరంలాగానా అని నిర్మాత అడుగగా, అవునని బదులిచ్చాడు.

పాటల ఎంపికలోనూ అతడు సులభమైన దారిని వదలుకొన్నాడు. బృందానికి ప్రపంచఖ్యాతి తెచ్చిన 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' అనే గీతాన్ని పాడలేదు. పాడిన పద్నాలుగు పాటలలో ఆరు ఇతరులవి. వాటిలో మూడు 'మీట్ పపెట్స్' అనే బృందానివి. అంతగా ప్రచారం లేని ఆ బృందంలోని ఇద్దరు అన్నదమ్ములను తన పక్కన కూర్చోబెట్టుకొని, వారు వాయిస్తుంటే తాను పాడాడు. పేరున్న తారలను తీసుకొని రాగల స్థితిలో ఉండి కూడా, తాను అభిమానించిన వారికి చోటిచ్చాడు.

వాద్యాలలోనూ ఈ నిగ్రహం కనిపిస్తుంది. బలంగా మోదడానికి పేరుపొందిన గ్రోల్ ఆ రాత్రి కుంచెలవంటి పుల్లలతో డ్రమ్ములను మృదువుగా తాకాడు. నోవోసెలిక్ ఒక పాటకు అకార్డియన్ అందుకొన్నాడు. చెల్లో వాద్యం కొన్ని పాటలకు గాంభీర్యాన్ని చేకూర్చింది. అయితే కోబెయిన్ గిటారు పూర్తిగా విద్యుత్తును వదలలేదు. అతని కోరికపై ఒక శబ్దవర్ధకాన్ని ప్రేక్షకులకు కనబడకుండా మరుగుపరచి ఉంచారు. నిష్ఠగా నియమం పాటించడంకన్నా తాను కోరిన నాదమే అతనికి ముఖ్యం.

చివరి పాట ఒక అమెరికన్ జానపదగేయం. దానికి కర్త ఎవరో తెలియదు. మన పల్లెపాటల వలెనే నోటినుంచి నోటికి, ఊరినుంచి ఊరికి చేరి, దారి పొడవునా మాటలు మార్చుకొన్న పాట అది. 1949లో మరణించిన నల్లజాతి గాయకుడు లెడ్‌బెల్లీ పాడిన తీరును కోబెయిన్ అనుసరించాడు. మెల్లగా మొదలైన పాట చివరి చరణంలో ఒక్కసారిగా పైస్థాయికి ఎగసింది. గొంతు బొంగురుపోయింది. ముగింపు మాటల మధ్య అతడు ఆగి, కళ్లు తెరచి, ఊపిరి తీసుకొన్నాడు. ఆ క్షణమాత్రపు మౌనం శ్రోతలను కదిలించింది. మరొక పాట పాడమని నిర్వాహకులు కోరగా, దానిని మించి పాడలేనని నిరాకరించాడు.

కార్యక్రమం 1993 డిసెంబరు 16న ప్రసారమైంది. 1994 ఏప్రిల్ 5న, ఇరవై ఏడేళ్ల వయస్సులో, కోబెయిన్ బలవన్మరణానికి పాల్పడ్డాడు. అదే సంవత్సరం నవంబరు 1న ఆ రాత్రి పాటలు ఆల్బమ్‌గా వెలువడ్డాయి. 1996లో దానికి గ్రామీ పురస్కారం లభించింది.

ఈ మరణం తరువాత చాలామంది ఆ ప్రదర్శనను వీడ్కోలుగా భావించారు. లిల్లీ పూలను, కొవ్వొత్తులను మృత్యుసంకేతాలుగా వ్యాఖ్యానించారు. జరిగినది తెలిసిన తరువాత వెనుకకు చూస్తే ప్రతి వస్తువూ సంకేతంగానే తోస్తుంది. కాని ఆ రాత్రి అతడు పాటల నడుమ శ్రోతలతో పరిహాసమాడాడు. వచ్చిన అతిథులను గౌరవించాడు. అతడు ఆ రాత్రి మరణించడానికి రాలేదు, పాడడానికి వచ్చాడు.

వ్యసనమూ వేదనా ఆ కళను సృష్టించాయనుకోవడం మరొక పొరపాటు. ఏ పాట పాడాలో, ఏది విడిచిపెట్టాలో, ఎక్కడ గొంతు తగ్గించాలో, ఎక్కడ ఎత్తాలో నిర్ణయించినది వివేకం. దానిని మన ఆలంకారికులు ఔచిత్యం అన్నారు. హెరాయిన్ అతనికి ఒక్క పాటనూ ఇవ్వలేదు. రాయవలసిన పాటలను అపహరించింది. సహచరుడు గ్రోల్ ఆ దుఃఖాన్ని దాటి 'ఫూ ఫైటర్స్' బృందాన్ని స్థాపించి దశాబ్దాలపాటు పాడుతూ వచ్చాడు. బ్రతికి ఉన్నందువల్లనే అది సాధ్యమైంది.

మన అలంకారశాస్త్రంలో 'ధ్వని' అనే మాటకు వాచ్యంగా చెప్పకనే స్ఫురించే అర్థమని భావం. లోకవ్యవహారంలో ఆ మాటకే శబ్దమని అర్థం. ఆ రాత్రి రెండవ అర్థంలోని ధ్వని తగ్గింది. మొదటి అర్థంలోని ధ్వని పెరిగింది. పెద్ద హోరులో ఎవరికీ వినిపించని ఒక మనిషి బాధ, ఆ కొద్దిపాటి నిశ్శబ్దంలో వినిపించింది. మన పక్కన కూర్చునే మిత్రుల విషయంలోనూ అటువంటి నిశ్శబ్దం అవసరం. వారి మాట తగ్గినప్పుడు మన చెవి మరింత దగ్గర కావాలి. బాధ చెప్పుకోవడం పిరికితనం కాదు. వినడం, పెద్దల వద్దకో వైద్యుని వద్దకో తోడుగా వెళ్లడం స్నేహధర్మం.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నకు వ్యాసరూప సమాధానం రాయండి.
1. 'సద్దు తగ్గిన వేళ' అనే శీర్షికలోని ఔచిత్యాన్ని వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పాటల ఎంపికలో కోబెయిన్ స్వభావం ఎట్లా వ్యక్తమైంది?
2. ఆ ప్రదర్శనను వీడ్కోలుగా భావించడం ఎందుకు పొరపాటు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. చివరి పాట ఏ కోవకు చెందినది?
2. 'ధ్వని' అనే మాటకు గల రెండు అర్థాలు ఏవి?