సిల్వర్ బకెట్‌లో సున్నం నానబెట్టొద్దు: లోహ ఆక్సైడ్లు ఆమ్లాలా, క్షారాలా?

పైన వీడియోలో నా చేతిలో ఉన్న చిల్లుల బకెట్ మా ఇంట్లోదే. మనం సిల్వర్ అంటాం గానీ అది అల్యూమినియం.

వేరుశనగ విత్తే ముందు పది మంది రైతులకు బీజామృతం ఒకేసారి కలుపుదామని, అర కేజీ రాయి సున్నం అందులో నానబెట్టాను. సున్నం ఉడికి చల్లారింది. అయినా రాత్రంతా సన్నటి బుడగలు వస్తూనే ఉన్నాయి. తెల్లారి చూస్తే అడుగు నుంచి నీళ్లు కారుతున్నాయి. "సున్నం కుండలో నానబెట్టాలి గానీ సిల్వర్ దాంట్లో పోస్తారట్రా!" అని అమ్మ తిట్టింది. అగ్రికల్చర్ డిప్లొమా చదివిన నాకు తెలియంది అమ్మకు తెలుసు.

మాకు క్లాసులో ఒక్క ముక్కే చెప్పారు: లోహ ఆక్సైడ్ అంటే క్షారం, అలోహ ఆక్సైడ్ అంటే ఆమ్లం. పరీక్షకు సరిపోయింది, బకెట్‌కు సరిపోలేదు.

రాయి సున్నం అంటే కాల్షియం ఆక్సైడ్. నీళ్లు తగిలితే కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, అది క్షారం. అందులో పసుపు వేస్తే పారాణిలా ఎర్రబడుతుంది. కట్టెల బూడిద నీళ్లలో వేసినా అంతే. ఇక్కడిదాకా ఇబ్బంది లేదు.

మరి తుప్పు? అది ఇనుము ఆక్సైడ్. నీళ్లలో కలిపి పసుపు వేసి చూడండి, రంగు మారదు. అందుకని అది క్షారం కాదనుకుంటే పొరపాటే. నీళ్లలో కరగదు కాబట్టి పసుపుకు అందలేదు, అంతే. ఇక్కడ ఆమ్లంతో పరీక్షించాలి. నల్లబడ్డ రాగి చెంబును చింతపండుతో తోముతాం కదా, ఆ నలుపులో ఉండేది రాగి ఆక్సైడే. చింతపండు పులుపు దాన్ని కరిగించేస్తుంది. ఆమ్లంలో కరిగి లవణంగా మారుతోందంటే అది క్షార ఆక్సైడే. తుప్పు కూడా నెమ్మదిగా అలాగే వదులుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. సిల్వర్ గిన్నెను కాపాడేది దాని మీద ఉండే పల్చటి అల్యూమినియం ఆక్సైడ్ పొర. చింతపులుసు కాచితే ఆ పొర కొంత కరుగుతుంది, అంటే ఆమ్లం ముందు అది క్షారంలా నడుచుకుంది. సున్నపు నీళ్లు పోసినా కరుగుతుంది, అంటే క్షారం ముందు ఆమ్లంలా నడుచుకుంది. పుస్తకాల్లో వీటినే ద్విస్వభావ ఆక్సైడ్లు అంటారు. పొర పోయాక లోపలి లోహాన్ని సున్నం తినేస్తుంది, హైడ్రోజన్ గ్యాస్ వస్తుంది. నేను చూసిన బుడగలు అవే. అది మండే గ్యాస్, పక్కన బీడీ కూడా వెలిగించకూడదు.

జింకు ఆక్సైడ్‌దీ ఇదే గుణం. జింకు పూత ఉంటుంది కాబట్టి జీఐ బకెట్ కూడా వద్దు. ఇనుముకు సున్నంతో భయం లేదు. కాంక్రీటులో కడ్డీ తుప్పు పట్టకుండా ఉండేది ఆ క్షారం వల్లే. ఇనుప బొచ్చెలో గానీ మట్టికుండలో గానీ సున్నం ఉడకబెట్టి, చల్లారాకే ప్లాస్టిక్ డ్రమ్ములోకి వంచండి. వేడి మీద పోస్తే డ్రమ్ము మెత్తబడుతుంది. కళ్లద్దాలు తప్పనిసరి. సున్నం కంట్లో పడితే ఆగకుండా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

లోహం ఒకటే అయినా ఆక్సిజన్ పెరిగేకొద్దీ గుణం ఆమ్లం వైపు జరుగుతుంది. క్రోమియంలో CrO క్షారం, Cr₂O₃ ద్విస్వభావం, CrO₃ పక్కా ఆమ్లం. అందుకే లోహం పేరు ఒక్కటే చూసి తేల్చేయకూడదు.

ఇంకో మాట. ఇరవై లీటర్ల నీళ్ల బీజామృతానికి సున్నం 50 గ్రాములే. ఎక్కువైతే మూత్రంలోని అమోనియా ఘాటుగా గాల్లోకి పోతుంది, పోయేది మన నత్రజనే.

ఆ సున్నపు నీళ్లు పారబోశాను. పది మందికీ ఫోన్ చేసి ఒక రోజు ఆగమన్నాను. పోయినేడు కూడా అదే బకెట్‌లో నానబెట్టి ఇచ్చానని కూడా చెప్పాను. ఇద్దరు ఆగలేక ఉత్త విత్తనమే వేసుకున్నారు. మిగతా ఎనిమిది మందికి అమ్మ ఇచ్చిన కుండలో కలిపి ఇచ్చాను.